కందెన బాకీ

మా ఊరి పేరుకు ఒక కథ చెబుతారు.
అలంపురంలో గుడి కడుతున్న కాలంలో
రాళ్ల బండ్లు తుంగభద్ర దాటేముందు
ఈ ఒడ్డున ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవంట.
అట్లా కందనవోలు. అట్లా కర్నూలు.
అంటే పుట్టుకతోనే మాది
యాడికో పోయే బండి కాసేపు నిలబడే చోటు.
గుడి ఆ ఒడ్డున, జిడ్డు ఈ ఒడ్డున.

నేను షామియానాలు బాడుగకిస్తాను.
వన్ టౌన్‌లో, గేరి చివర, దస్తగిరి సప్లయర్స్.
బోర్డు మీద 'య' రాలిపోయి చాన్నాళ్లయింది,
ఎవరూ అడగలేదు.

మా అబ్బ పెద్ద కాశీం దూది ఏకేవాడు.
యాభైమూడులో రాజధాని వచ్చింది, మేడలు రాలేదు.
గుడారాలు కావాలన్నారు.
దబ్బనం పట్టిన చెయ్యి,
పరుపు కుట్టినట్టే ప్రభుత్వాన్నీ కుట్టిచ్చినాడు.
ఉక్కపోస్తాందని ఒక శాఖ అంటే
కత్తెరతో కిటికీ తీసినాడంట.
ఎండాకాలం గాలి లేస్తే
ఫైళ్లు రోజా దర్గా దాకా ఎగిరేవంట.
కొన్ని ఉత్తర్వులను మేకలే అమలు చేసినాయని
చెప్పి, దగ్గొచ్చేదాకా నవ్వేవాడు.

మూడేళ్లకు కందెన పూయడం అయిపోయింది.
బండి హైదరాబాదుకు కదిలింది.
మేకులు పీకిన గుంతల్లో పిల్లోళ్లు గోలీలాడుకున్నారు.
మూడు అక్షరాలను మాత్రం పీకడం మరిచిపోయినారు:
ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు.
సీ క్యాంపులో ఇప్పుడు టమోటాలు బాగుంటాయి.

అబ్బ బిల్లు నా ట్రంకు పెట్టెలో ఉంది.
నలభైరెండు గుడారాలు, కుట్టుకూలి,
ఆరువందల పద్దెనిమిది రూపాయల నాలుగణాలు.
కింద ఇంగ్లీషులో ఏదో రాసి, పచ్చ సిరా సంతకం.
అవ్వ దాన్ని పట్టుచీరె మడతలో
కలరా ఉండలతో పాటు దాచుకుంది.
నేను ఎనిమిదో తరగతిలో అయివారికి చూపిస్తే
కళ్లద్దాలు తుడుచుకొని చదివినాడు:
"పరిశీలనలో ఉన్నది."

మొన్నామధ్య మళ్లీ బండి వస్తాందన్నారు.
ఈసారి మొత్తం రాజధాని కాదు, మూడో వంతు,
న్యాయం చెప్పే వంతు.
ఓర్వకల్లు దారిలో గుట్టలకు రాత్రికి రాత్రి ధర లేచింది.
మా బావమరిది హుసేనప్ప
అప్పు చేసి రెండున్నర సెంట్ల రాయి కొన్నాడు.
స్వాగతం సభకు నా షామియానాలే.
ఎప్పుడొస్తాదని రిలే దీక్షకూ నావే.
రాలేదని ద్రోహదినానికీ నావే,
అదే గుడ్డ, అవే గుంజలు,
కుర్చీల్లో కూడా సగం మంది వాళ్లే.
మీరంతా చరిత్ర అంటారే, నాకది
గడ్డపార వేసినప్పుడు తెలుస్తాది.
కలెక్టరేట్ ముందర కొత్తగా తవ్వే పని లేదు,
నేల ముందే మెత్తబడి ఉంటాది.

మూడు బిల్లులూ రాలేదు.
ముగ్గురూ ఒకే మాట, "మనోడివి కదన్నా."

మా అమ్మాయి మౌలాబీ గ్రూప్స్‌కు చదువుతాంది.
శ్రీబాగ్ ఒప్పందం ఎప్పుడు పాపా అంటే
కళ్లు మూసుకొని, పంతొమ్మిదివందల ముప్పైఏడు అంటాది.
అమలు ఎప్పుడు అంటే
అది సిలబస్‌లో లేదు నాయనా అంటాది.

నిన్న పొద్దుగూకే యాళ
గేరి మొగదల ఒక ఇసుక ట్రాక్టర్ నిలబడింది.
చక్రం కిర్రుమంటాంది.
మీసాలు సరిగా రాని పిల్లోడు దిగి
"అన్నా, కొంచెం గ్రీసుంటే ఇస్తావా" అన్నాడు.
యాడికిరా అంటే ఏటి అవతలికి చెయ్యి చూపించినాడు.
డబ్బా తెచ్చిచ్చినాను. పూసుకున్నాడు,
చేతులు నా షామియానాకే తుడుచుకున్నాడు.
"ఎంతియ్యాలన్నా?"
పరిశీలనలో ఉంది, పోరా అన్నాను.