ఊఁ

డులూత్‌లో ఫిబ్రవరి. తెల్లవారుజాము అయిదుంపావు.
సరస్సు మీంచి వచ్చే మంచు పైనుంచి పడదు,
అడ్డంగా వస్తుంది, అప్పులవాడిలా.
టవర్‌లో నేనొక్కదాన్నే.
ఒక చెవికి విమానాలు, ఒక చెవికి నేలమీది బళ్లు.

కింద, రన్‌వే టూ సెవెన్ మీద
వెయినో టుయోమినెన్ మంచు తోస్తున్నాడు.
అతని బండి నాకు కనపడదు.
దాని నెత్తిన తిరిగే పసుప్పచ్చ దీపం మాత్రం
కనపడి, పోయి, కనపడి.

పార్శిళ్ల విమానం ఒకటి కదిలింది.
కెప్టెన్ లిండ్‌క్విస్ట్. గొంతులో జలుబు.
హోల్డ్ షార్ట్, రన్‌వే టూ సెవెన్, అన్నాను.
ఇవతలే ఆగండి అని.
సరిగ్గా అప్పుడే థండర్ బే నుంచి వస్తున్న చిన్న విమానం
నన్ను పలకరించింది.

ఒకే తీగ మీద ఇద్దరు మాట్లాడితే
ఎవరి మాటా చేరదు.
పలక మీద గోరు గీసినట్టు ఒక కీచు మిగులుతుంది.
మాట్లాడుతున్న నాకు అది వినపడదు.
ఆ కీచు హోల్డ్ షార్ట్‌ని తినేసింది.
ఆయనకి చేరింది రన్‌వే టూ సెవెన్ ఒక్కటే.

ఇంగ్లీషులో ఆగమనే మాట ముందొస్తుంది.
మనకి చివర.
తెలుగులో చెప్పి ఉంటే, తల తెగినా
"ఆగండి" మిగిలేదేమో అని
ఇప్పటికీ స్నానం చేస్తుంటే అనిపిస్తుంది.
పనికిరాని ఆలోచన.

"రోజర్, టూ సెవెన్" అన్నాడాయన.

రోజర్ అంటే సరే కాదు. అలాగే చేస్తాను కాదు.
మా మేనత్త కథ చెబుతూ
"ఊఁ కొట్టకపోతే ఆపేస్తా" అనేది,
ఆ ఊఁ.
చెవి తెరిచే ఉందని మాత్రమే.
లోపలికి ఏం వెళ్లిందో ఊఁ చెప్పదు.
ఊఁ కొడుతూనే నిద్రపోయిన రాత్రులు నాకెన్ని లేవు!
తెల్లారితే రాజుగారి చిన్నకొడుకు
బతికాడో లేదో తెలిసేది కాదు.

"విన్నది తిరిగి చెప్పండి" అనాలి నేను.
రూలు. మూడు సెకన్ల పని.
అవతల థండర్ బే వాడు రెండోసారి పిలుస్తున్నాడు.
నాకు కావలసిన మాటని
ఆయన ఊఁలో నేనే వేసుకుని విన్నాను.

తర్వాత ఆ పసుప్పచ్చ దీపం
విమానం ముక్కు ముందునుంచి దాటిపోవడం చూశాను.
మధ్యలో రెండు బస్సులు పట్టే జాగా.
తను లేపిన మంచుపొగలో వెయినోకి ఏమీ కనపడలేదు.
ఎవరూ అరవలేదు.
"టవర్, ఇక్కడేదో బండి ఉంది" అన్నాడు కెప్టెన్,
పెరట్లోకి ఎవరిదో గేదె వచ్చిందన్నట్టు.

నా టేపులో నా మాట నిండుగా ఉంది.
విమానం టేపులో కీచు ఉంది.
రెండూ నిజమే.
విచారణకి వచ్చిన మార్లిస్ హౌగెన్
పదకొండుసార్లు వెనక్కి తిప్పి విన్నది.
ఆ చోట ఏం రాయాలో తోచక
కాగితం మీద ఒక గీత గీసింది.
అర అంగుళం ఉంటుంది.

ఏప్రిల్‌లో పెట్రోలు బంకు దగ్గర వెయినో కనిపించాడు,
చేతిలో మూతలేని కాఫీ.
వాళ్లు చెప్పింది సగమే అర్థమైందన్నాడు.
ఆ ఇంజను మోతలో నాకేం వినపడుతుందీ అన్నాడు.
"నన్ను కూడా పిలిచావు కదూ ఆ రాత్రి? పక్కకి జరగమని?"

పిలవలేదు.
పిలవాలని తట్టలేదు.

పంపు మీద అంకెలు తిరుగుతున్నాయి.
"ఊఁ" అన్నాను.
ఆయన తలూపి,
కాఫీ ఒలక్కుండా, నెమ్మదిగా,
బండి వైపు నడిచాడు.