నాలుగు నిమిషాల పాఠం

గుణుపురం కాలేజీలో
పందొమ్మిదేళ్లు ఒకే నోట్సు చదివాను.
కాగితం పసుపెక్కింది,
నా గొంతు కూడా.

లాక్కున్న ఫోన్లు పడేసే వెదురుబుట్ట
బల్ల కింద ఉండేది.

ఈ ఏడు వృక్షశాస్త్రాన్ని ముక్కలు చేశాను,
నాలుగేసి నిమిషాలు.
తెలుగులో ఒకసారి,
వచ్చీరాని ఒడియాలో ఇంకోసారి.
ఆకు ఊపిరి గురించి చెబుతుంటే
వెనక పక్కింటి కోడి కూసింది.
చెరపలేదు.

ముప్పై ఒక్కమందికి పదకొండు ఫోన్లు.
సిగ్నలు లేని ఊళ్లకి
బస్సు కండక్టరు
జేబులో మెమరీ కార్డు పెట్టుకుని
పాఠాన్ని మోసుకెళ్లాడు, టికెట్టు కొట్టకుండా.

నిన్న రాత్రి
సుమారి గమాంగో వీడియో వచ్చింది,
ఏ గట్టెక్కి పంపిందో.
"సార్, రాత్రి ముడుచుకునేవాటిలో
చింత చెప్పారు, ఉసిరి వదిలేశారు."
టార్చి వెలుగులో ఉసిరి రెమ్మ,
రెక్కలు దగ్గరికి తీసుకుని.
తమ్ముడు సవరలో ఏదో అడుగుతున్నాడు,
ఉష్, అంది.

ఇవాళ క్లాసులో నేను మాట్లాడలేదు.
మూడో బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నా.
వాళ్లు వాదించుకున్నారు,
గంట కొట్టినా లేవలేదు.

వెదురుబుట్ట నిండా రెమ్మలు.
నోట్సు అంచున
మొదటిసారి ఓ విద్యార్థి పేరు రాసుకున్నాను.
తప్పు రాశానట,
తనే దిద్దింది.