నీవా ఒడ్డున రీడింగు

పొద్దున ఆరున్నరకి గ్రీమ్స్‌పేట వంతెన మీద
మోపెడ్ ఆపి, సంచీలో మిషను ఉందో లేదో తడుముకుని
కిందికి చూస్తాను.
ఇసుక. కంప. గుర్రపుడెక్క.
మధ్యలో మూరెడు వెడల్పున నల్లటి నీళ్ళు.
కదులుతున్నాయో లేదో తెలియాలంటే
పాల కవరు ఒకటి కొట్టుకొచ్చేదాకా ఆగాలి.
ఈరోజు వచ్చింది.
సరే, నది డ్యూటీలోనే ఉంది.

పేరు నీవా.
బదిలీ మీద వచ్చిన కొత్త ఏఈ గారు
బోర్డు చదివి నాకేసి తిరిగి "నీవా?" అన్నారు.
నేను కాదు సార్, అదే, అన్నాను.
కోస్తా మనిషి, నవ్వడానికి కాస్త టైం పట్టింది.
మా పక్క ఎవరూ అట్లా అడగరు,
నువ్వేనా, అంటారు.
ఆ మాట పాఠం పుస్తకాల్లోనూ ఈ బోర్డు మీదా తప్ప
చిత్తూరులో నాకెక్కడా తగల్లేదు.

ఇరవై రెండేళ్ళుగా కరెంటు మీటర్లు చదువుతున్నాను.
ఊరి ముఖం అందరికీ తెలుసు:
వేలూరు బస్సుల హారన్లు,
బెల్లం మండీ గోనెల మీద కందిరీగలు,
జూన్‌లో ఫ్యాక్టరీకి పోయే తోతాపురి లారీలు,
మలుపులో ఒక్క కాయ రాలితే
వీధి పిల్లలందరి పరుగు.
నాకు తెలిసింది వీపు.
ఏటి వైపు ఇళ్ళన్నీ ఏటికి వీపు పెట్టే కట్టారు.
అంట్ల తూము, కాలు విరిగిన కుర్చీ,
మొక్క చచ్చిపోయిన డాల్డా డబ్బా,
వాటి పక్కనే నా మీటరు.

కుప్పుసామి మొదలియార్ వెనక మెట్ల మీద నిలబడితే
యాసిన్ కనిపిస్తాడు.
తాడుకి అయస్కాంతం కట్టి ఇసుకలో ఈడ్చుకుంటూ
గాలం వేసినవాడంత ఓపిగ్గా నడుస్తాడు.
మేకులు, సీసా మూతలు, చిలుము పట్టిన కత్తెర.
పోయిన నెల ఒక ఇనప తాళంచెవి.
కిలోల లెక్కన అమ్మేవాడు
అదొక్కటీ మొలతాడుకి కట్టుకున్నాడు.
ఏ ఇంటిదిరా, అని అరిచాను.
"పోయినోళ్ళది నా!"

దొరసానమ్మ ఇంట్లో మీటరు నడుమెత్తులోనే బిగించారు.
దానికి జానెడు పైన గోడ మీద
మట్టిరంగు గీత.
మూడేళ్ళ కిందటి కార్తీకం.
ఆ రాత్రి మీటరు నాలుగువేల నాలుగొందల పదిహేడు దగ్గర ఆగింది.
కొత్తది బిగించింది నేనే.
పాత దాని అద్దంలో ఇంకా కాస్త నది ఉండింది.
రంగులేసేవాడు వస్తే
ఆ గోడ మాత్రం ముట్టుకోవద్దనిందట.
మనవణ్ణి గోడకి ఆనించి
నెత్తిన స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీస్తుంది.
"ఇంగ నాలుగు వేళ్ళు సామీ.
మళ్ళీ అంతే వచ్చినా వీడి ముక్కు మునగదు."
వాడు మడమలు లేపాడు.
మోకాలి మీద ఒకటేసి దించింది.
నేను డెబ్బయ్యొక్క యూనిట్లు కొట్టాను.
కాయితం మిషన్లో ఇరుక్కుంది.
మజ్జిగ ఇచ్చింది, ఉప్పు జాస్తి,
పూర్తిగా తాగాను.

రాత్రి ఏడింటికి మళ్ళీ అదే వంతెన.
బజ్జీల బండి పొగ, ఎవరిదో చంటిబిడ్డ ఏడుపు.
ఆ మూరెడు నీళ్ళలోనే
బట్టల షాపు పచ్చ అక్షరాలు,
ఆస్పత్రి ఎర్ర ప్లస్సు,
మిద్దెల మీది బల్బులు,
అన్నీ తలకిందులుగా వెలుగుతున్నాయి.
ఎవరి బిల్లులోనూ పడని యూనిట్లు.

ఇంటికి తాళం ఉంటే మిషన్లో ఒక కోడు కొట్టాలి,
మళ్ళీ రావాలి అని దాని అర్థం.
ఇవాళ మొత్తం పదకొండు ఇళ్ళు.
పన్నెండోసారి కూడా వేలు దాని మీదికే పోయింది,
ఎదురుగా ఏ ఇల్లూ లేదు.

పొద్దున్న పోయిన పాల కవరు
ఈపాటికి అరవదేశం దాటి పొన్నైలో కలిసిందో,
వంతెన అవతలే కంపకి తగులుకుందో.
అటు పక్కకి వెళ్ళి వంగి చూశాను.
చీకటి.
వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు,
మోపెడ్ అడ్డంగా పెట్టానట.