ఊడ్చిన లెక్క

ఆ సినిమా ఎలా ఆడిందని నన్నడుగుతున్నావు బాబూ,
తోలు సంచీ, టేప్ రికార్డరు, ఇంత ఓపికా మోసుకొచ్చి.
పత్రికలు ఏం రాశాయో నేను చదవలేదు.
నాకు తెలిసిందల్లా కుర్చీల కింద.

బెర్లిన్, వెడింగ్ పేట, పాంకే వాగు పక్కన థియేటరు.
ముప్ఫై రెండు, ఫిబ్రవరి. చీపురు పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి.
నవ్వుల సినిమా అయితే అక్రోటు పెంకులు మడమల లోతు,
ఏడుపు సినిమా అయితే చేతిరుమాళ్లు,
ఒకసారి ఒక పెళ్లి ఉంగరం.
(ఇచ్చేశాను. ఇవ్వాలని లేదు.)

ఆ రాత్రి మాత్రం
పొట్లాలు విప్పకుండానే వదిలేసి పోయారు.
కొరికిన చేతితొడుగు ఒకటి,
బొటనవేలి దగ్గర ఉన్ని ఇంకా తడిగా.

కథ నీకు తెలిసిందే.
వీధిదీపాలు వెలిగించేవాడే హంతకుడు.
మొదటి రీల్లోనే చెప్పేస్తారు, దాపరికం లేదు.
నిచ్చెన భుజాన వేసుకుని వస్తాడు, గ్యాసు బుస్సుమంటుంది,
అంతే, హాలంతా ఊపిరి బిగబట్టేది.
మాటల సినిమాలు అప్పటికింకా కొత్త.
మా ఆయన లోథర్ అదే తెర ముందు పదకొండేళ్లు పియానో వాయించి
ఆ పాటికి ఇంట్లో కూచున్నాడు.
ఆ బుస్సు విని, "నేనైతే ఇంత బాగా వాయించలేను" అన్నాడు.
అంతకు మించిన మెచ్చుకోలు ఏ పత్రిక రాసుంటుంది?

నువ్వు అడగనిది చెప్తాను.
అయిదో రీల్లో పేటంతా కలిసి
గొడుగులు బాగుచేసే ముసలాణ్ణి పట్టుకుంటుంది.
వాడు కాదు.
వాడు కాదని హాల్లో అందరూ కళ్లారా చూశారు.
అయినా మొదటి దెబ్బ పడగానే
ఏడో వరస చప్పట్లు కొట్టింది.

నున్నగా దువ్విన తలలు. కుర్రాళ్లు.
ఒకడు మా రొట్టెలాయన కొడుకు, ఎక్‌హార్ట్,
నాకు రోజూ తలుపు తీసి పట్టుకునేవాడు.
సినిమా తీసినాయన బాల్కనీలో ఉన్నాడట,
లేచి వెళ్లిపోయాడు, టోపీ మర్చిపోయి.
వారం రోజులు ఆ టోపీ నా చీపుర్ల గదిలో ఉంది.
ఎవరూ రాలేదు.

మర్నాడు ఎనిమిదో వరస కూడా కొట్టింది.
నాలుగో వారానికి
వరసలు లెక్కపెట్టడం మానేశాను.

మరుసటేడు పోస్టర్లు గీకించారు, నా చేతే.
వేడినీళ్లు, అట్లకాడ.
ముందు నిచ్చెన ఊడింది, తర్వాత మొహం.
దీపం మాత్రం ఇటుకకి కరుచుకుపోయింది.

ఇప్పుడు గొప్ప సినిమా అంటున్నారు,
రీళ్లు ఏదో ఉప్పు గనిలో దొరికాయంటున్నారు.
మంచిదే. నాకు టిక్కెట్టు వద్దు.

ఇది రాసుకో.
ఆ ఏడో వరస కింద
ఒక్క పెంకు లేదు, కాగితం ముక్క లేదు.
అంత శుభ్రమైన నేల నా పనిలో మళ్లీ చూడలేదు.
చీపురు ఆనించకుండానే దాటుకుని పోయాను.
తొందరగా తెమిలిందని
సంతోషించాను కూడా, బాబూ.