జవాబుకి ముందు పౌడరు

గ్లాస్గోలో, క్లైడ్ ఒడ్డున, స్టూడియో వెనక
కిటికీ లేని గది నాది.
ప్రశ్నలు నాకు తెలియవు. జవాబులు అసలే తెలియవు.
నాకు తెలిసినవి నుదుళ్లు.
పందొమ్మిదేళ్లుగా పౌడరద్దుతున్నాను,
ఏ నుదురు ముందు మెరుస్తుందో
బజర్ మోగకముందే చెప్పగలను.

ఈ మంగళవారం నలుగురు.

ఇష్బెల్ పైస్లీలో
లైబ్రరీకి తాళం పడేదాకా పనిచేసింది.
రాజధానులు కంఠతా, రాజులు కంఠతా.
కళ్లు మూసుకోమంటే మూసుకుంది,
రెప్పల కింద గుడ్లు మాత్రం
అరల వెంట నడుస్తూనే ఉన్నాయి.

రుక్సానాది పోలక్‌షీల్డ్స్‌లో మందుల షాపు.
"రాకపోతే నవ్వేస్తాను" అంది.
నవ్వేవాళ్లకి పౌడరు తక్కువ పడుతుంది.

మూడో అతని పేరు గుర్తులేదు,
మొదటి రౌండులోనే వెళ్లిపోయాడు.
టై గుర్తుంది. దాని నిండా బుల్లి బుల్లి సైకిళ్లు.

టోర్మడ్ లూయిస్ దీవి నుంచి వచ్చాడు,
ఒక ఓడ, రెండు బస్సులు మారి.
రేవులో వలలు బాగుచేస్తాడు.
ఉప్పుగాలి చెక్కిన నుదురు.
ఎంత అద్దినా పౌడరు నిలవలేదు,
బండ మీద పిండి చల్లినట్టే.

తెర పక్కన నిలబడి చూస్తాను నేను,
పఫ్ చేతిలోనే ఉంటుంది.

"ఆస్ట్రేలియా రాజధాని..." అనేసరికి
ఇష్బెల్ బజర్ నొక్కేసింది.
కాన్‌బెర్రా! అంది, గంట కొట్టినట్టు.
ప్రశ్న అక్కడ ఆగలేదు.
"...కాన్‌బెర్రా అయితే, న్యూజిలాండ్‌ది ఏది?"
తెలియక ఓడినవాళ్లని చూశాను చాలామందిని.
తెలిసి ఓడినవాళ్లకి చెవులు ఎర్రబడతాయి.
చెవులకి పౌడరు వేయడం
ఆ రోజే మొదలుపెట్టాను.

ఆఖరి ఇద్దరు.
"తెల్లని పెద్ద సముద్రపక్షి,
తల మీద పసుపు రాసుకున్నట్టుంటుంది,
రెక్కలు ముడిచి ఈటెలా నీళ్లలోకి దూకుతుంది.
పేరేమిటి?"

టోర్మడ్ నవ్వాడు. పొద్దుటినుంచి అదే మొదటిసారి.
ఎదురింటివాళ్ల గురించి అడిగినట్టు.
నోరు తెరిచాడు.
రాలేదు.
ఒకటి. రెండు. కన్ను నా మీదుగా
ఎక్కడికో, గోడలు దాటి వెళ్లింది.
నాలుగు.
"సూలరె" అన్నాడు.

కార్డు మీద ఉన్నది ఇంగ్లీషు మాట.
హోస్టు కార్డు చూశాడు, కార్డు అతన్ని చూసింది.
"క్షమించాలి."
ప్రశ్న పక్క బల్లకి వెళ్లింది.
"గానెట్?" అంది రుక్సానా,
పదకేళిలో ఆరు గళ్లు నింపిన మాట అది,
పక్షిని ఎన్నడూ చూడలేదట.
చప్పట్లు. పదకొండువందల పౌండ్లు.

నా కుర్చీలో కూర్చున్నాడు ముఖం తుడిపించుకోడానికి.
దూది మీదకి ఏమీ రాలేదు.
"మా ఇంట్లో దాన్ని ఆ పేరుతోనే పిలుస్తాం" అన్నాడు,
"తాతయ్య దాని పిల్లల్ని పట్టడానికి
రాతి దీవికి పడవలో వెళ్లేవాడు."
అంతే. ఫిర్యాదు కాదు.

రుక్సానా తలుపు దగ్గర నిలబడింది, కోటు తొడుక్కుని.
"ఇంకోసారి చెప్పండి ఆ పేరు."
చెప్పాడు.
ఆమె అంది. తప్పు.
మళ్లీ అంది. అదీ తప్పే.
మూడోసారికి అతను తలూపాడు,
మరీ తప్పు కాదన్నట్టు.

మార్చిలో ప్రసారం చేశారు.
ఇంట్లో కూర్చుని లెక్కపెట్టాను.
అతని మౌనం అయిదు సెకన్లు,
టీవీలో రెండే వచ్చాయి.
ఆ పక్షి పేరు అసలు రాలేదు.
మిగిలిన మూడు సెకన్లూ ఎక్కడ పారేశారో
ఎడిటింగ్ గదివాళ్లని అడగాలి,
అడుగుదామనుకుంటూనే
ఇంకో మంగళవారం వచ్చింది, నలుగురు నుదుళ్లతో.