పదకొండో గెడ

రేవులో అడిగారు: ఇంజను పడవా, చేతి పడవా?
ఇంజనుది ఇట్టే చేరుస్తుంది.
చేతి పడవకి నిబారణ్ దాస్ ఉన్నాడు,
ఎప్పుడు చేరుస్తాడో ఆయన ఇష్టం.

రుద్రసాగర్‌లో మాఘమాసం.
నీళ్ళు వెనక్కి తగ్గిన మేరా వరి నాట్లు.
వంగిన ఆడవాళ్ళు మా పడవకేసి ఓసారి చూసి
మళ్ళీ వంగారు.
గుర్రపుడెక్కని తెడ్డుతో పక్కకి నెడుతూ
"వానల్లో రావాలి దీదీ," అన్నాడు,
"ఇప్పుడిది నీటి మహలు కాదు, వరి మహలు."

దూరానికి
ఎర్రంచు తెల్లచీర కట్టుకుని నిలబడ్డట్టుంది నీర్‌మహల్.
దగ్గరయ్యేకొద్దీ వయసు చెప్పేస్తోంది.
సున్నం పెచ్చులు, పావురాలు,
రాజు పడవ దిగే మెట్ల మీద
ఎవరో ఆరేసిన గళ్ళ తువ్వాలు.

నిబారణ్ ఆ మెట్ల దగ్గరే ఆగిపోయాడు.
నలభై ఏళ్ళుగా జనాన్ని తెస్తున్నాడట,
లోపలికి ఒక్కసారీ పోలేదట.
"మా ఠాకుమా ఇక్కడ సున్నం మోసింది.
వేలి గీతలన్నీ సున్నం తినేసింది.
కూలి డబ్బుల దగ్గర ముద్ర పడలేదని
గుమాస్తా మళ్ళీ మళ్ళీ ఒత్తించాడట."
చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
ఇంకో టికెట్టు కొన్నాను.

రాణీవాసం కిటికీలో నిలబడి నేను
ఏ పాదాలకి ఈ రాయి చల్లగా తగిలిందో,
ఎవరి ఎదురుచూపుకి ఈ గూడు సరిపోయిందో
తోచిన కథ అల్లుకుంటున్నాను.
ఆయన పక్కకొచ్చి పెదాలు కదుపుతున్నాడు.
మొక్కుకుంటున్నాడనుకున్నాను.
కాదు, లెక్కపెడుతున్నాడు.
నీళ్ళలో వల కట్టి పాతుకున్న వెదురు గెడల్ని.
ఎక్, దుయ్, తిన్...
పది దగ్గర ఆగాడు.
మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ పదే.

"పదకొండోది పడిపోయింది,"
ఇంట్లో మనిషి జారిపడ్డట్టు అన్నాడు.
బురుజెక్కలేదు, నాట్యశాల చూడలేదు.
రెండేసి మెట్లు దిగిపోయాడు, వెనకే నేను.

వచ్చిన దారిన కాదు, అడ్డంగా తోశాడు పడవని.
నడుం లోతులో దిగి కాళ్ళతో బురద తడుముతూ
తాడు కొస నా చేతికిచ్చాడు.
"వదలకు దీదీ. వదిలితే వలంతా పోతుంది."

పట్టుకున్నాను.
తాడు అవతల చీకట్లో
ఏవో చిన్న చిన్న ప్రాణాలు
నా అరచేతి తలుపు తడుతున్నాయి.

వెనక మహల్లో దీపాలు వేశారనుకుంటాను,
నీళ్ళు ఒక్కసారిగా పసుపెక్కాయి.
తిరిగి చూద్దామంటే
చెయ్యి ఖాళీ లేదు.