రెండో రకం

లాంగ్టన్‌లో మా వీధి చివర
సీసా ఆకారపు బట్టీ ఒకటి మిగిలింది.
పొగ మానేసి అరవై ఏళ్ళు.
దాని మెడలో ఇప్పుడు పావురాల కాపురం.

పక్కింటి మేవిస్ బ్లోర్
ముప్ఫై ఒక్క ఏళ్ళు కప్పులకి చెవులు అతికింది.
రోజుకి ఎన్నంటే చెప్పదు.
"డజన్లలోనే లెక్క, డక్" అంటుంది.
ఈ ఊళ్ళో అందరూ అందరికీ బాతులే.

రెండేళ్ళు ఆమె పోసిన టీ తాగాక
ఓ సాయంత్రం కప్పుని దీపానికెత్తి చూపించింది.
గోడ అవతలినుంచి ఆమె వేళ్ళ నీడ కనబడింది.
"సగం ఎద్దు ఎముకల బూడిద.
అందుకే అంత తెలుపు."
మా అమ్మమ్మ వింటే
గంగాళం నీళ్ళతో నా నోరు కడిగించేది.
నేను కాసేపు కప్పు వంక చూసి
ఇంకొంచెం పోయించుకున్నాను.

నా పనీ ఆ బూడిద చుట్టమే.
కాల్షియం ఫాస్ఫేట్ పొడిని నురుగులా గిలక్కొట్టి
ఆరబెట్టి, నలిపి, జల్లించి
పదకొండొందల డిగ్రీల మీద కాలుస్తాను.
గోధుమరవ్వ కన్నా కాస్త లావు పలుకులు.
సీసా మీద బ్యాచ్ నంబరు, పక్కన నా పొడి సంతకం.
ఎవరి ఒంట్లోకి వెళ్తాయో
ఏ కాగితంలోనూ ఉండదు.

ఫిబ్రవరిలో, మార్కెట్ మెట్ల మీద
ఓట్‌కేకుల పొట్లంతో సహా జారింది మేవిస్.
మోకాలి కింది ఎముక
గుడ్డుపెంకులా లోపలికి నొక్కుకుపోయింది.
సర్జన్ దాన్ని పైకెత్తి
కింద మిగిలిన గుంటలో పలుకులు పోసి
ప్లేటు బిగించాడు.

"మా వైపైతే పుత్తూరు కట్టు కట్టించేవాళ్ళం.
వెదురు బద్దలు, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన."
"అతుక్కుంటుందా?"
"మా మేనమామ చెయ్యి అతుక్కుంది. కాస్త వంకరగా."
"వంకరైతే నేను ఆ చెవి తీసి పారేసేదాన్ని."

నువ్వు చేసేదేదో చూపించమంది.
లెక్క తప్పిన బిళ్ళనొకదాన్ని జేబులో వేసుకొచ్చాను.
ముందు దీపానికెత్తింది. వెలుగు రాలేదు.
చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటింది.
మోగలేదు. తప్‌మంది.
"పగిలింది, డక్."
నాలుక కొసకి ఆనించింది, అది అక్కడే అంటుకుపోయింది.
ఊడదీసుకుని నవ్వింది.
"గ్లేజు లేదు, ఒళ్ళంతా సూదిబెజ్జాలు.
మా ఫోర్‌వుమన్ చూస్తే
రెండో రకంలోకి కూడా రానిచ్చేది కాదు."

బెజ్జాలే అసలు సరుకు, అన్నాను.
ఆ సందుల్లోంచి నెత్తురు వస్తుంది.
దాని వెనకే కణాలు. కొన్ని కొరుకుతాయి, కొన్ని కడతాయి.
ఎముకలు కొరికేది చలి ఒక్కటే కాదు,
కొరికేవాళ్ళు మన లోపలే కూలికున్నారు.
నేను కాల్చింది వాళ్ళు మెల్లగా తినేయాలి,
చివరికి నీ ఎముకే మిగలాలి.

మేవిస్ చాలాసేపు మాట్లాడలేదు.
అద్దాల బీరువాలో ఆమె కప్పులు
ఎవరి పెదవీ తగలనివి
ఇంకో వందేళ్ళకీ సిద్ధంగా ఉన్నాయి.
"అయితే పోవడానికే చేస్తావన్నమాట."
"అవును."
"దానికి జీతం కూడా ఇస్తారా!"

మళ్ళీ ఫిబ్రవరి తిరిగొచ్చింది.
ఎక్స్‌రేలో పలుకుల అంచులు మసకబారాయి,
ఎక్కడ పింగాణీ ఆగిందో, ఎక్కడ మేవిస్ మొదలైందో
చూపించడానికి డాక్టరు పెన్ను
రెండుసార్లు తడబడింది.
"నీ బ్యాచేనా ఇది?"
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

బస్సు దిగి మార్కెట్ మెట్ల దగ్గర ఆగింది.
కర్ర నా చేతికిచ్చి, వంగి
మోకాలి కింద గోటితో మీటింది,
తల పక్కకి వంచి విన్నది.

"మోగట్లేదు" అంది తృప్తిగా,
ఆ కాలే ముందు వేసింది.